పని లేని పావును వెతకడం: చెన్నైలో మా చదరంగ సాధన

చదరంగం నేర్పేటప్పుడు ముందుగా చెప్పేది పావుల విలువ. బంటుకు 1, గుర్రానికి 3, శకటుకు 3, ఏనుగుకు 5, మంత్రికి 9. ఈ లెక్క అవసరమే. కొట్టుకోవడాలు మొదలైనప్పుడు మోసపోకుండా కాపాడుతుంది. కానీ చెన్నైలో శని, ఆదివారాలు టోర్నమెంట్లు ఆడి వచ్చే మన తెలుగు పిల్లలవీ పెద్దలవీ స్కోర్ షీట్లు (ఎత్తులు రాసుకునే కాగితాలు) తిరగేస్తుంటే ఒకే సంగతి పదేపదే కనబడేది. ఇరవయ్యో ఎత్తు దాకా పావుల లెక్క సరిసమానం, ఓటమి మాత్రం అప్పటికే దాదాపు ఖాయం. ఒక్క పావు కూడా ఊరికే పోలేదు. అయితే శకటు సొంత బంట్ల వెనక ఇరుక్కుని ఉంది. ఏనుగు ఎ1 మూలన మొదట ఎక్కడ పెట్టామో అక్కడే ఉంది. గుర్రం అంచుకు వెళ్ళి తిరిగి రాలేదు. ఎదుటివాడు ఆరు పావులతో ఆడుతుంటే మనవాళ్ళు మూడింటితో ఆడుతున్నారు.

అందుకే సాధనను పూర్తిగా ఈ ఒక్క విషయం మీద పెట్టాం: ప్రతి పావూ ఏ గడిలో ఉంది, అక్కడ ఏం పని చేస్తోంది, ఇంకెక్కడ ఉంటే ఎక్కువ పని చేస్తుంది. ఆ క్రమం ఎలా సాగిందో, ఎక్కడ బెసిగిందో రాస్తున్నాం. చదివేటప్పుడు పక్కన బోర్డు ఉండాలి. ఫోన్ తెర చాలదు. టోర్నమెంట్లో వాడే కొలతదే మేలు, అంటే రాజు ఎత్తు సుమారు 9.5 సెంటీమీటర్లు, గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు. తెర మీద పైనుంచి చూడటానికి అలవాటుపడ్డ కన్ను, హాల్లో కుర్చీలో కూర్చుని చూసేటప్పుడు దూరపు ఐమూల వరుసలను సరిగ్గా పట్టుకోలేదు. గళ్ళ పేర్లు మామూలు పద్ధతిలోనే: నిలువు వరుసలు ఎ నుంచి హెచ్ దాకా, అడ్డ వరుసలు 1 నుంచి 8 దాకా. బిషప్‌ను శకటు అంటున్నాం.

మొదటి పని ఖాళీ బోర్డు మీద. అన్నీ తీసేసి ఒక్క గుర్రాన్ని పెట్టాలి. ఎ1లో ఉంటే అది అందుకునేవి 2 గళ్ళు. బి1లో 3. ఎ4 లాంటి అంచు గడిలో 4. సి2, బి4 లాంటి చోట 6. సి3 నుంచి ఎఫ్6 దాకా చతురస్రంగా ఉన్న పదహారు నడి గళ్ళలో ఎక్కడ పెట్టినా 8. అదే గుర్రం, అదే 3 పాయింట్లు, బలం మాత్రం నాలుగింతలు తేడా. శకటుకు అంచున 7, నట్టనడుమ 13. మంత్రికి అంచున 21, నట్టనడుమ 27. ఏనుగు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఖాళీ బోర్డు మీద దాన్ని ఎక్కడ పెట్టినా 14 గళ్ళే. అంటే ఏనుగుకు గడి కంటే దారి ముఖ్యం, దానికి ఎదురుగా బంటు ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఈ ఒక్క లెక్కతోనే పిల్లలకు చాలా అర్థమవుతుంది, ఏనుగును నడిబోర్డుకు తోలే అలవాటు తగ్గుతుంది.

తరువాత గుర్రం దూరాలు. గుర్రాన్ని ఇ4లో పెట్టి, కళ్ళతోనే లెక్కించాలి. ఇ6కు 2 ఎత్తులు. పక్క ఐమూల గడి ఎఫ్5కు 2. నేరుగా ముందున్న ఇ5కు 3. ఐమూలగా రెండు గళ్ళ అవతల ఉన్న జి6కు 4. మూల దగ్గర మరీ కష్టం, ఎ1 నుంచి బి2కు 4 ఎత్తులు పడుతుంది. గుర్రం కదిలిన ప్రతిసారీ గడి రంగు మారుతుంది కాబట్టి, అదే రంగు గడికి చేరాలంటే సరి సంఖ్యలో, వేరే రంగు గడికి చేరాలంటే బేసి సంఖ్యలో ఎత్తులు కావాలి. దీనికి ఆటలో నేరుగా ఉపయోగం ఉంది. టైమ్ అయిపోతున్నప్పుడు ఎదుటి గుర్రం మన రాజును తరుముతుంటే, రాజును దాని నుంచి ఐమూలగా రెండు గళ్ళ దూరంలో నిలపాలి. ఆ గడికి గుర్రం చేరడానికే నాలుగు ఎత్తులు కాబట్టి, చెక్ ఇవ్వాలన్నా దానికి మూడు ఎత్తులు కావాలి.

అసలు సాధన తరువాతి మెట్టులో ఉంది. ఎవరి ఆట వాళ్ళు తెచ్చుకుని బోర్డు మీద మళ్ళీ ఆడతారు. రెండు వైపులా పదిహేను ఎత్తులు అయ్యాక ఆపి, స్కోర్ షీట్లో మిగతా భాగాన్ని కాగితంతో కప్పేస్తారు. తెల్ల కాగితం మీద నాలుగు నిలువు గళ్ళు గీస్తారు: పావు, అది ఉన్న గడి, అక్కడ చేస్తున్న పని, చేరాల్సిన గడి. మూడో గడిలో రాసే మాటకు ఒక కట్టుబాటు పెట్టాం. ‘కేంద్రాన్ని కంట్రోల్ చేస్తోంది’, ‘దాడికి సాయపడుతోంది’ అని రాయకూడదు. ఏ గడిని, ఏ పావును అన్నది పేరు పెట్టి రాయాలి. ‘సి3 గుర్రం: ఇ4 బంటును కాస్తోంది, డి5ను చూస్తోంది’ అంటే సరే. పేరు రాయలేకపోతే ఆ పావుకు పని లేనట్టే. ఇంత చిన్న నియమమే మొత్తం పద్ధతిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది. గడి పేరు చెప్పాలనగానే చాలామంది పెన్ను ఆగిపోతుంది, ఆగిన చోటే జబ్బు దొరుకుతుంది.

అదే కాగితం వెనక వైపు ఎదుటివాడి పావులకు కూడా ఇదే పట్టిక. పిల్లలు దీన్ని ఎగ్గొట్టాలని చూస్తారు, ఒప్పుకోకూడదు. ఎదుటివాడి పావుల్లో ఏది అందరికంటే బాగా పని చేస్తోందో తెలియకుండా, దేన్ని మార్పిడి చేసుకోవాలో తేల్చలేం.

ఈ మెట్టులో తప్పులు రెండు రకాలుగా జరుగుతాయి. ఒకటి, కాపలా కాస్తున్న పావును సోమరి అనుకోవడం. నల్లవైపు ఎఫ్6 గుర్రం ఎవరినీ బెదిరించడం లేదు కదా అని దాన్ని దూరంగా తోలేస్తారు. అది హెచ్7ను కాస్తోందన్న సంగతి పట్టికలో రాయలేదు. అది కదలగానే డి3 శకటు హెచ్7 బంటును చెక్‌తో కొడుతుంది, ఎఫ్3 గుర్రం జి5కు దూకుతుంది, మంత్రి హెచ్5కు వస్తుంది. క్యాస్లింగ్ చేసిన (ఒకే ఎత్తులో ఏనుగుతో పాటు కదిలి మూల వైపు చేరిన) రాజును పడగొట్టే పాత దారే ఇది. రెండో తప్పు, పట్టిక పూర్తవగానే కనబడిన సోమరి పావును వెంటనే కదిపేయడం. అంతకంటే ముందు చూడాల్సినవి ఎప్పుడూ ఉంటాయి: ఎదుటివాడి చెక్‌లు, కొట్టుడులు, బెదిరింపులు. బోర్డు ప్రశాంతంగా ఉన్నప్పుడే పావును మెరుగుపరిచే తీరిక దొరుకుతుంది. సోవియట్ కాలపు బాకు ఆటగాడు వ్లదీమిర్ మకగోనోవ్ పేరుతో ప్రచారంలో ఉన్న సూత్రం కూడా ఇలాంటి ప్రశాంత స్థితి గురించే: ఏం చేయాలో తోచనప్పుడు మీ పావుల్లో అన్నిటికంటే అధ్వానంగా ఉన్నదాన్ని వెతికి, దాని చోటు బాగుచేయండి.

ఇక చేరాల్సిన గడి ఏదో ఎవరు చెప్పాలి? బంట్లు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. బంటు వెనక్కి రాదు కాబట్టి బోర్డు మీద స్థిరంగా ఉండేది దాని గీతే, మిగతా పావులు ఆ గీతను బట్టే బతకాలి. అందుకని పట్టికలో నాలుగో గడి నింపే ముందు బోర్డు మీద రాజులనూ బంట్లనూ ఉంచి మిగతావన్నీ తీసేయమంటాం. అలా చూస్తే మూడు సంగతులు బయటపడతాయి: ఎదుటి బంటు ఎప్పటికీ కొట్టలేని గళ్ళు, బంట్లు లేక తెరుచుకున్న ఫైళ్ళు (నిలువు వరుసలు), మన శకటు రంగు గళ్ళ మీద కూర్చున్న మన బంట్లు. తరువాత పావులను ఒక్కొక్కటే తిరిగి పెడుతూ, ‘నీకు ఇక్కడ ఏ గడి కావాలి’ అని అడగాలి.

దీనికి మేము ప్రతిసారీ చూపించే ఆట వింటర్ (తెల్లవైపు), కాపాబ్లాంకా (నల్లవైపు) 1919లో హేస్టింగ్స్‌లో ఆడింది. బోర్డు మీద ఆడి చూడండి. 1. ఇ4, ఇ5. 2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6. 3. గుర్రం సి3, గుర్రం ఎఫ్6. 4. శకటు బి5, శకటు బి4. 5. ఇద్దరూ రాజు వైపు క్యాస్లింగ్. 6. తెల్ల శకటు సి6లో గుర్రాన్ని కొడుతుంది, నల్ల డి బంటు తిరిగి కొడుతుంది. 7. డి3, శకటు డి6. 8. శకటు జి5, హెచ్6. 9. శకటు హెచ్4, సి5. 10. గుర్రం డి5, జి5. 11. గుర్రం ఎఫ్6లో కొట్టి చెక్, మంత్రి తిరిగి కొడుతుంది. 12. శకటు జి3, శకటు జి4. 13. హెచ్3, శకటు ఎఫ్3 గుర్రాన్ని కొడుతుంది. 14. తెల్ల మంత్రి ఆ శకటును కొడితే నల్ల మంత్రి దాన్ని కొడుతుంది. 15. జి బంటు ఎఫ్3లో కొడుతుంది, ఎఫ్6.

ఇక్కడ ఆపి లెక్క చూడండి. ఇద్దరికీ ఎనిమిదేసి బంట్లు, రెండేసి ఏనుగులు, ఒక్కో శకటు. పాయింట్ల ప్రకారం అణా తేడా లేదు. ఇప్పుడు జి3లో ఉన్న తెల్ల శకటును చూడండి. ముందు ఇ5, ఎఫ్6, జి5 బంట్ల గోడ. హెచ్4కూ ఎఫ్4కూ వెళ్తే బంటు కొట్టేస్తుంది. ఇ5 బంటుకు వెనక కాపలా గట్టిగా ఉంది. హెచ్2కు వెళ్ళినా ఒరిగేదేమీ లేదు. కాపాబ్లాంకా ఆ తరువాత రాజు వైపు పెద్దగా తొంగి చూడలేదు. బోర్డు అవతలి వైపున ఎ5, బి5, సి4 బంట్లను తోసి ఫైళ్ళు తెరిచాడు. అక్కడ తెల్లవైపు ఒక పావు తక్కువ. 29వ ఎత్తు తరువాత వింటర్ ఆట వదిలేశాడు.

ఈ ఆటలో పిల్లలకు విడమరిచి చెప్పాల్సిన చోటు పదో ఎత్తు. తెల్ల గుర్రం డి5కు దూకింది. ఇందాక నడి గడిలో గుర్రానికి 8 గళ్ళు అని చెప్పుకున్నాం కదా, మరి తప్పేమిటి? గుర్రం సి3లోనే ఉండి ఉంటే జి5 బంటు తోయడం నల్లవైపుకు ప్రమాదం. ఎఫ్3 గుర్రాన్ని జి5లో బలి ఇచ్చి, శకటుతో తిరిగి కొట్టి, ఎఫ్6 గుర్రాన్ని మంత్రికి పిన్ చేసి (కదిలితే వెనకున్న మంత్రి పోయేలా కట్టేసి) దాడికి దిగొచ్చు. గుర్రం డి5కు వచ్చాక ఆ దారి చెడింది. జి5లో బంటును గుర్రంతో కొడితే నల్లవైపు వెంటనే డి5 గుర్రాన్ని కొట్టేస్తుంది. అంటే అందమైన నడి గడిలోకి వెళ్ళిన గుర్రమే, శకటును బోనులో పెట్టే జి5 ఎత్తుకు అనుమతి ఇచ్చింది. తొమ్మిదో ఎత్తులో సి5 తోయడం కూడా ఊరికే కాదు, తెల్లవైపు డి4 తోసి కేంద్రాన్ని తెరవకుండా ముందే తలుపు వేసింది. గడి మంచిదా కాదా అన్నది దాని పేరులో ఉండదు, అక్కడికి వెళ్ళాక మిగతా పావుల పని ఏమవుతుందన్న దానిలో ఉంటుంది.

చేరాల్సిన గడి తేలాక దారి లెక్కించాలి. ఇక్కడ ఇటాలియన్ ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే ఒక పద్ధతి) కంటే మంచి పాఠం లేదు, వారాంతపు రాపిడ్లలో (తక్కువ టైమ్ ఆటల్లో) మన పిల్లలు ఎక్కువగా ఆడేది కూడా అదే. 1. ఇ4, ఇ5. 2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6. 3. శకటు సి4, శకటు సి5. 4. సి3, గుర్రం ఎఫ్6. 5. డి3, డి6. ఇద్దరూ క్యాస్లింగ్ చేశాక తెల్లవైపు బి1 గుర్రం ఎక్కడికి వెళ్ళాలి? సి3లో సొంత బంటు ఉంది. డి2లో ఊరికే కూర్చుంటే సి1 శకటుకు అడ్డం. పావులన్నీ తీసి బంట్ల గీత చూస్తే జవాబు కనబడుతుంది: ఎఫ్5. నల్లవైపు ఇ బంటు ఇ5కు వెళ్ళిపోయింది, ఎఫ్5ను కాయగల బంటు జి బంటు ఒక్కటే. దారి బి1–డి2–ఎఫ్1–జి3, మూడు ఎత్తులు. జి3 నుంచి ఎఫ్5 ఒక్క దూకుడు. అయితే ఎఫ్1లో క్యాస్లింగ్ చేసిన ఏనుగు ఉంది కాబట్టి అది ముందు ఇ1కు తప్పుకోవాలి. ఈ వరుస మరిచిపోయిన వాళ్ళ గుర్రం డి2లో ఇరుక్కుని, దాని వెనక సి1 శకటు, ఆ వెనక ఎ1 ఏనుగు, మూడూ ఒకదాని వెనక ఒకటి నిలిచిపోతాయి.

ఏనుగు ఇ1కు వెళ్ళినప్పుడు ఒక ప్రమాదం ఉంది. ఎఫ్2 బంటుకు రాజు తప్ప కాపలా ఉండదు, సి5 శకటు దాన్నే చూస్తోంది. నల్ల గుర్రం జి4కు దూకితే ఎఫ్2 మీద రెండు పావుల గురి. భయపడనక్కర్లేదు, ఏనుగును ఇ2కు ఎత్తితే కాపలా సరిపోతుంది. అప్పుడు గుర్రం, శకటు రెండూ ఇచ్చి ఏనుగు, బంటు తీసుకుంటే సాధారణంగా నల్లవైపుకే నష్టం. ఇది తెలియక కంగారుపడి మంత్రి వైపు పావులను చెల్లాచెదురు చేసుకున్న ఆటలు చాలా చూశాం. హెచ్3 బంటు తోశాక ఈ జి4 గొడవ ఉండదు.

నల్లవైపు కూడా భయంతో హెచ్6 తోసిందనుకోండి. మన గుర్రానికి అది మేలు. ఎఫ్5కు వచ్చిన గుర్రాన్ని తరమాలంటే జి6 తోయాలి, తోస్తే గుర్రం హెచ్6 బంటును చెక్‌తో కొడుతుంది. కాబట్టి బంటుతో తరమడం కష్టం, ఇక సి8 శకటుతో కొట్టాల్సిందే. కొడితే ఇ బంటుతో తిరిగి కొట్టి ఎఫ్5లో మన బంటు నిలుస్తుంది, ఇద్దరు శకట్లూ మన దగ్గర మిగులుతారు.

ఈ ప్రయాణానికి షరతు ఒకటే: కేంద్రం మూసి ఉండాలి. గుర్రం మూడు ఎత్తులు నడుస్తుండగా నల్లవైపు డి5 తోసి కేంద్రాన్ని తెరవగలిగితే, మన గుర్రం దారిలో ఉండగానే యుద్ధం మొదలవుతుంది. అందుకే దారి లెక్కించేటప్పుడు మన ఎత్తులతో పాటు ‘ఈ మూడు ఎత్తుల్లో ఎదుటివాడు ఏ బంటును తోయగలడు’ అన్నది కూడా పట్టిక కింద రాయమంటాం. తీరిక ఉంటే మూడు ఎత్తుల ప్రయాణం చవక. లేకపోతే ఒక్క ఎత్తు కూడా ఖరీదే.

గుర్రం స్థిరంగా కూర్చునే గడిని అవుట్‌పోస్ట్ అంటారు. అది ఎదుటివాడి వైపు ఉండాలి, ఎదుటి బంటు దాన్ని తరమలేకుండా ఉండాలి, మన బంటో పావో వెనక కాయాలి. మూడింట్లో రెండోది తేలిగ్గా మరిచిపోతారు. కార్పోవ్, కాస్పరోవ్ 1985లో మాస్కోలో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం ఆడిన పదహారో ఆట చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. నల్లవైపు ఆడిన కాస్పరోవ్ గుర్రం పదహారో ఎత్తున డి3కు చేరింది. తెల్లవైపు సి, ఇ బంట్లు రెండూ అప్పటికే మార్పిడిలో తమ ఫైళ్ళు వదిలిపోయాయి, అంటే డి3ను ప్రశ్నించే బంటు ఒక్కటీ లేదు. ఎఫ్5 శకటు వెనక నుంచి కాస్తోంది. ఆ గుర్రం పట్టుకున్న గళ్ళు బి2, బి4, సి1, సి5, ఇ1, ఇ5, ఎఫ్2, ఎఫ్4. తెల్ల ఏనుగులు డి1, ఎఫ్1లో ఉండి కూడా సి1, ఇ1 గళ్ళకు రాలేవు. తెల్ల గుర్రాలు చూస్తే ఒకటి బి1కు వెనక్కి వెళ్ళింది, ఇంకొకటి ఎ4 అంచున చిక్కింది. 34వ ఎత్తున కార్పోవ్ ఆ గుర్రాన్ని మంత్రితో కొట్టక తప్పలేదు, దానికి బదులుగా మంత్రే పోయింది. ఆట కాస్పరోవ్‌ది.

మంచి గడి ఎప్పుడూ ఖాళీగా దొరకదు, దాన్ని కాస్తున్న పావును ముందు తీసేయాలి. మార్పిడి గురించి మేము చెప్పేదంతా ఇక్కడే ఉంది. 1945లో మాస్కోలో స్మిస్లోవ్, రుడకోవ్‌స్కీతో ఆడిన సిసిలియన్ ఓపెనింగ్ ఆటలో నల్లవైపు బంట్లు డి6, ఇ5లో, తెల్లవైపు బంట్లు ఇ4, ఎఫ్5లో ఉన్నాయి. కావాల్సిన గడి డి5. నల్లవైపు తెల్లగళ్ళ శకటు సి4లో మార్పిడి అయిపోయింది, ఇక మంత్రి కాక డి5ను కాసేది ఎఫ్6 గుర్రం ఒక్కటే. స్మిస్లోవ్ 15వ ఎత్తున శకటును జి5కు తెచ్చి, 16వ ఎత్తున ఆ గుర్రాన్ని కొట్టి, 17వ ఎత్తున తన గుర్రాన్ని డి5లో కూర్చోబెట్టాడు. డి5 తెల్ల గడి, నల్లవైపు మిగిలిన శకటు నల్ల గళ్ళది. గుర్రం డి5లో ఉన్నంతసేపూ ఆ శకటు దాన్ని తాకలేదు. శకటు, గుర్రం చెరో 3 పాయింట్లే కదా అని మార్పిడిని సమానం అనుకునేవాళ్ళు ఈ మూడు ఎత్తులనూ బోర్డు మీద ఆడి చూడాలి. పట్టికలో మన సోమరి పావునూ, ఎదుటివాడి చురుకైన పావునూ పక్కపక్కన రాయించేది ఇందుకే. ఆ రెండింటి మార్పిడి కుదిరితే బోర్డు మీద ఇంకేమీ మారకపోయినా ఆట మనవైపు తిరుగుతుంది.

ఏనుగుల గురించి తక్కువ మాటలు చాలు. తెరుచుకున్న ఫైల్ ఉంటే అక్కడికి, లేకపోతే త్వరలో తెరుచుకోబోయే ఫైల్‌కు, అదీ లేకపోతే మూడో అడ్డ వరుస మీదుగా, ఉదాహరణకు ఇ1–ఇ3–జి3. అంతిమ దశలో ముందుకు దూసుకెళ్ళే బంటు వెనక నిలపాలి, మనదైనా ఎదుటివాడిదైనా. ఒక్క అపురూపమైన సందర్భం మాత్రం చెప్పాలి. 1974 నీస్ ఒలింపియాడ్‌లో కార్పోవ్, ఉన్‌జికర్‌తో ఆడిన ఆటలో ఎ ఫైల్ తెరుచుకుంది. మామూలుగా అయితే ఏనుగులన్నీ అక్కడ మార్పిడైపోయి ఆట చప్పబడాలి. కార్పోవ్ 24వ ఎత్తున తన శకటును ఎ7లో పెట్టి ఆ ఫైల్‌కు తలుపు వేశాడు. ఇక నల్లవైపుకు ఏనుగుల మార్పిడి కుదరలేదు, కార్పోవ్ తీరిగ్గా శకటు వెనక ఏనుగులను ఒకదాని వెనక ఒకటి పేర్చుకున్నాడు. శకటు పని ఎప్పుడూ కొట్టడమే కాదు, అడ్డం నిలవడం కూడా.

అడ్డం నిలవడం ఎంత పనో చెన్నైలోనే జరిగిన ఆట ఒకటి చెబుతుంది. 2013 నవంబరులో ఇక్కడ ఆనంద్, కార్ల్‌సన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడారు. తొమ్మిదో ఆటలో ఆనంద్ హెచ్6 మంత్రితో, ఎఫ్4 ఏనుగుతో నల్ల రాజు మీదికి వెళ్ళాడు. ఏనుగు హెచ్4కు వస్తే హెచ్7లో ఆట కట్టు. 27వ ఎత్తున కార్ల్‌సన్ బంటు బి1కు చేరి మంత్రి అయి చెక్ ఇచ్చింది. ఎఫ్1లో అడ్డం పెట్టడానికి జి2 శకటు ఉంది, జి3 గుర్రం ఉంది. ఆనంద్ గుర్రాన్ని పెట్టాడు. కొత్త మంత్రి ఇ1కు వచ్చింది, అక్కడితో ఆట ముగిసింది. ఇ1 నుంచి ఎఫ్2, జి3 మీదుగా హెచ్4కు ఐమూల వరుస ఉంది. గుర్రం జి3లో ఉన్నంతసేపూ ఆ దారి మూసి ఉంది, అది కదలగానే హెచ్4కు వచ్చే ఏనుగును నల్ల మంత్రి కొట్టగలిగింది. శకటును అడ్డం పెట్టి ఉంటే గుర్రం జి3లోనే ఉండేది, ఆట ఇంకా సాగేది. మా పట్టికలో ‘చేస్తున్న పని’ గడిలో కాపలా, దాడితో పాటు ‘ఏ దారి మూస్తోంది’ అన్న మాట చేరింది ఈ ఆట చూశాకే.

ఇదంతా గడియారం ముందు ఎలా చేయాలి? 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు కలిపే క్లాసికల్ ఆటలో నలభై ఎత్తులకు మొత్తం 110 నిమిషాలు వస్తాయి, సగటున ఎత్తుకు 2 నిమిషాల 45 సెకన్లు. ఓపెనింగ్‌లో తెలిసిన ఎత్తులు త్వరగా వేస్తే, పన్నెండు, పదిహేను ఎత్తుల దగ్గర ఒకసారి, మంత్రుల మార్పిడి అయ్యాక ఇంకోసారి అయిదేసి నిమిషాలు పావుల పట్టికకు ఇవ్వొచ్చు. 15 నిమిషాలు, 10 సెకన్ల రాపిడ్‌లో నలభై ఎత్తులకు సగటు 32 సెకన్లే. అక్కడ పట్టిక మొత్తం కుదరదు, ఒక్క ప్రశ్న సరిపోతుంది: నా పావుల్లో పని లేనిది ఏది? ఎదుటివాడి గడియారం నడుస్తున్నప్పుడు ఆ ప్రశ్న వేసుకోవాలి, మన గడియారం నడుస్తున్నప్పుడు బెదిరింపులు చూసుకోవాలి.

పట్టికకు అలవాటుపడ్డ పిల్లలు ఆట మధ్యలో స్కోర్ షీట్ అంచున ‘గుర్రం ఎఫ్5’ అని రాసుకుంటారు. అది నిబంధనలకు విరుద్ధం. ఆడిన ఎత్తులు, గడియారం టైమ్, డ్రా ప్రతిపాదనలు వంటివి తప్ప నోట్సు రాయకూడదు, అర్బిటర్ (ఆట న్యాయనిర్ణేత) పట్టుకుంటే శిక్ష ఉంటుంది. ఎత్తు వేయకముందే షీట్‌లో రాయడం కూడా కుదరదు. రాపిడ్‌లో ఎత్తులు రాయాలన్న నిబంధన లేదు కాబట్టి చాలామంది అసలు రాయరు, తరువాత చూసుకోవడానికి ఆటే మిగలదు. మొదటి పదిహేను ఎత్తులైనా రాసుకోమంటాం, పట్టికకు కావాల్సింది అంతవరకే. రౌండ్‌కూ రౌండ్‌కూ మధ్య ఖాళీలో గుర్తున్నంత రాసిపెట్టుకున్నా పనికొస్తుంది.

ఇంజిన్‌ను (ఎత్తులు లెక్కించే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను) చివర్లో మాత్రమే తెరవాలి. పట్టిక రెండు వైపులా నింపి, సోమరి పావుకు గడి, దారి తేల్చాక. అప్పుడు కూడా అది చూపే మొదటి ఎత్తును చూసి తలూపి మూసేస్తే ఏమీ రాదు. మనం ఎంచుకున్న పావును ఇంజిన్ కదపకపోతే, మనం అనుకున్న ఎత్తును దాని బదులు బోర్డు మీద వేసి, ఎదుటివైపు ఇంజిన్ ఇచ్చే జవాబు చూడాలి. చాలాసార్లు ఆ జవాబు ఒక బంటు తోపు అవుతుంది, మనకు అనుకున్నంత తీరిక లేదని అక్కడ తెలుస్తుంది. ఇంజిన్ కూడా మన పావునే కదిపి వేరే గడికి పంపితే, బంట్లు మాత్రమే ఉంచి మళ్ళీ ఒకసారి చూడాలి. మనకు కనబడని గడి సాధారణంగా మన బంటు ఒకటి ముందుకు వెళ్ళాక ఖాళీ అయ్యేదే అయి ఉంటుంది.